లిబ్‌ట్రీ రివ్యూ: లైబ్రరీ దొరకనప్పుడు ఎక్కడెక్కడ వెతికిందో చెప్పే పనిముట్టు

నమస్కారం. ఈ వీడియో నిజానికి ఒక పారిశ్రామిక కెమెరా గురించి రావలసింది. దాని తయారీ సంస్థ రివ్యూ కోసం ఉచితంగా ఒక నమూనా పంపింది. దానితో పాటు లినక్స్ కోసం ముందే కంపైల్ చేసిన షేర్డ్ లైబ్రరీలను, అంటే ప్రోగ్రాంలు నడిచేటప్పుడు వాడుకునే సిద్ధ కోడ్ ఫైళ్ళను, కూడా ఇచ్చింది. కెమెరా వివరాలు మీరు ఇప్పటికే వేరేచోట చూసి ఉంటారు. నాకు మాత్రం ఆ లైబ్రరీలతో నలభై వరసల ప్రోగ్రాం ఒకటి బిల్డ్ చేయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. ఆ చిక్కు విప్పిన పనిముట్టు పేరు లిబ్‌ట్రీ. అందుకే ఈ రోజు రివ్యూ దానికి. అది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం; ఒక ప్రోగ్రాంకు ఏయే లైబ్రరీలు కావాలో, అవి ఎక్కడ దొరికాయో చెట్టులా చూపిస్తుంది. దీని గురించి మాట్లాడమని నాకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు.

ముందు ఆ చిక్కు ఏమిటో చూద్దాం. సంస్థ ఇచ్చిన ఫోల్డర్‌లో రెండు లైబ్రరీలు పక్కపక్కనే ఉన్నాయి. నా ప్రోగ్రాం పిలిచేది కెమెరా లైబ్రరీని. ఆ కెమెరా లైబ్రరీ తన పని కోసం రెండో లైబ్రరీని పిలుస్తుంది. మైనస్ పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఆ ఫోల్డర్‌ను లింకర్‌కు, అంటే ప్రోగ్రాంను లైబ్రరీలతో కలిపే పనిముట్టుకు, చూపించాను. అయినా రెండో లైబ్రరీ పేరు చెప్పి "నాట్ ఫౌండ్" అన్న హెచ్చరిక, దాని వెనకే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వరసలు తెర నిండా వచ్చాయి. ఫైలు కళ్ళ ముందే ఉంది, ఫోల్డర్ పేరు సరిగానే ఉంది, అయినా లింకర్ దొరకలేదంటోంది. కారణం ఏమిటంటే, గ్నూ లింకర్ మైనస్ పెద్ద ఎల్‌తో చూపిన చోటును మనం నేరుగా పేరు పెట్టి అడిగిన లైబ్రరీల కోసమే వెతుకుతుంది. ఆ లైబ్రరీలు తమంతట తాము అడిగే వాటి కోసం అక్కడ చూడదు. వాటికి ఆర్‌పాత్ లింక్ లేదా ఆర్‌పాత్ అనే వేరే ఆప్షన్ ఉండాలి. హెచ్చరికలోనే ఆ రెండు పేర్లూ ఉన్నాయి. నేను మొదటి సాయంత్రం ఆ వరసను చివరిదాకా చదవలేదు.

ఆర్‌పాత్ ఇచ్చాను, అంటే లైబ్రరీలను వెతకవలసిన చోటును ప్రోగ్రాం ఫైలులోనే రాయించాను; లింక్ అయింది. నడపబోతే అదే రెండో లైబ్రరీ మళ్ళీ దొరకలేదు. ఇక్కడే నేను ఏళ్ళ తరబడి నమ్ముకున్న ఎల్‌డీడీ, అంటే ఒక ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీల జాబితా ఇచ్చే ఆదేశం, చేయిచ్చింది. ఎల్‌డీడీ అన్ని లైబ్రరీలనూ ఒకే వరుసలో పరుస్తుంది. దొరకని దాని పక్కన "నాట్ ఫౌండ్" అని రాస్తుంది. ఎవరు అడిగారు, ఎక్కడెక్కడ వెతికారు అన్నవి చెప్పదు. పైగా అది ప్రోగ్రాంను లోడర్‌కు, అంటే ప్రోగ్రాంను దాని లైబ్రరీలతో సహా మెమరీలోకి తెచ్చే భాగానికి, అప్పగించి పని జరిపిస్తుంది కాబట్టి, నమ్మకం లేని చోటు నుంచి వచ్చిన ఫైలుపై దాన్ని నడపవద్దని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. లిబ్‌ట్రీ దేనినీ నడపదు; ఫైలును తెరిచి చదువుతుంది, అంతే.

ఇప్పుడు తెరపై లిబ్‌ట్రీ ఇచ్చిన చెట్టు చూడండి. నా ప్రోగ్రాం కింద కెమెరా లైబ్రరీ ఉంది, పక్కనే అది రన్‌పాత్ వల్ల, అంటే ఆర్‌పాత్‌కు కొత్త రూపం వల్ల, దొరికిందని రాసి ఉంది. దాని కింద కొమ్మగా రెండో లైబ్రరీ, ఎర్రగా. ఆ ఎరుపు కింద వెతికిన చోట్లన్నీ వెతికిన క్రమంలోనే ఉన్నాయి. ఆ జాబితాలో నా ఫోల్డర్ పేరే లేదు. ఈ ఒక్క జాబితా కోసమే నేను ఈ పనిముట్టును నెత్తిన పెట్టుకుంటాను, ఎందుకంటే ఆ క్షణంలో నాకు విషయం మొత్తం అర్థమైంది. ఇప్పటి డిస్ట్రిబ్యూషన్లు చాలా వాటిలో ఆర్‌పాత్ ఆప్షన్ ఇచ్చినా ఫైలులో పడేది రన్‌పాత్. పాత ఆర్‌పాత్ అయితే ప్రోగ్రాంలో ఉన్నది దాని కింది లైబ్రరీలకు కూడా వర్తించేది. రన్‌పాత్ ఏ ఫైలులో ఉంటే ఆ ఫైలు నేరుగా అడిగిన వాటికే వర్తిస్తుంది. కెమెరా లైబ్రరీలో రన్‌పాత్ లేదు. కనుక పక్కనే ఉన్న తోడు లైబ్రరీని అది ఎన్నటికీ చూడలేదు.

పరిష్కారానికి ఒక్క ఆదేశం చాలింది. తయారైన ఫైలులో రన్‌పాత్‌ను మార్చే ప్యాచ్‌ఎల్ఫ్‌తో కెమెరా లైబ్రరీలో డాలర్ ఆరిజిన్ అని రాశాను. అంటే "నేను ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకు" అని. దాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టకపోతే మన ఆదేశాలను చదివే షెల్ మింగేస్తుంది. బిల్డ్ ఆదేశాలుండే మేక్‌ఫైలులో రాస్తే డాలర్ గుర్తు రెండుసార్లు ఉండాలి. సంస్థ వారు బిల్డ్ చేసేటప్పుడే చేయవలసిన పని ఇది. వారి సూచనల కాగితంలో మాత్రం ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను, అంటే ప్రోగ్రాంలన్నిటికీ లైబ్రరీలు వెతికే చోటు చెప్పే సెట్టింగును, షెల్ మొదలైనప్పుడు చదివే బాష్ఆర్‌సీ ఫైలులో శాశ్వతంగా పెట్టుకోమని ఉంది. అలా పెట్టి చూశాను. ఆ ఫోల్డర్‌లో ఉన్న పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని నా మిగతా ప్రోగ్రాంలు కూడా పట్టుకుని, వెర్షన్ దొరకలేదంటూ ఆగిపోయాయి. ఒక కెమెరా కోసం యంత్రమంతటినీ కలత పెట్టే ఈ సలహా నాకు నిజంగా కోపం తెప్పించింది.

లిబ్‌ట్రీకి లోపాలు లేకపోలేదు. సీ లైబ్రరీ వంటి సాధారణమైన వాటిని అది మామూలుగా దాచిపెడుతుంది. అన్నీ కావాలంటే మైనస్ వీ ఇవ్వాలి. ప్రోగ్రాం నడుస్తూ డీఎల్ఓపెన్‌తో తెచ్చుకునే ప్లగిన్లు చెట్టులో కనిపించవు. వాటికి ఎల్‌డీ డీబగ్ అనే సెట్టింగును లిబ్స్ అని పెట్టి, లోడర్ చెప్పేది వినడమే మార్గం. అన్నింటికన్నా పెద్ద లోపం, ఇది ఫైలు దొరికిందా లేదా అని చూస్తుంది గానీ, లోపలి సింబల్ వెర్షన్లను, అంటే ఫంక్షన్ల పేర్లకు తగిలించిన వెర్షన్ గుర్తులను, సరిచూడదు. ఉబుంటు 22.04లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 వచ్చాక పాత 1.1 లైబ్రరీ దొరకని వారు చాలామంది, కొత్త దానికి పాత పేరుతో సింబాలిక్ లింక్ పెట్టారు. లిబ్‌ట్రీకి అది దొరికినట్టే కనిపిస్తుంది. లోడర్ మాత్రం పాత వెర్షన్ సింబల్స్ లేవని తిప్పికొడుతుంది. దయచేసి ఆ లింకులు పెట్టకండి. ఆ ప్రోగ్రాంను కొత్త లైబ్రరీతో మళ్ళీ బిల్డ్ చేయండి.

ఇన్ని చెప్పినా, ఎల్‌డీడీ ఇక నా రెండో ఎంపికే. డెబియన్ 12లో లిబ్‌ట్రీ ఏప్ట్ అనే ప్యాకేజీ పనిముట్టుతోనే వస్తుంది. లింక్ దశలో ప్రోగ్రాం ఇంకా తయారు కాకపోయినా, మీకు అందిన డాట్ ఎస్ఓ ఫైలు, అంటే షేర్డ్ లైబ్రరీ, మీదే దాన్ని నేరుగా నడపవచ్చు. నేను మొదటి సాయంత్రమే ఆ పని చేసి ఉంటే రెండో సాయంత్రం అవసరమయ్యేది కాదు. మీ బిల్డ్ గురించి నాకు రాసేటప్పుడు ఎర్రర్ చివరి వరస ఒక్కటే పంపకండి. మొత్తం హెచ్చరికను, లిబ్‌ట్రీ ఇచ్చిన చెట్టును కలిపి పంపండి.