షీటు వెనక చిన్న అక్షరాలు

నమస్కారం. నేను డాక్టర్ని కాను, మందుల షాపూ ఎప్పుడూ నడపలేదు. బెజవాడలో ముప్పై మూడేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇవాళ మాట్లాడబోయేది మందుల గురించి, అంటే నెల తిరిగేసరికి మందుల షాపులో మనం వదిలించుకునే డబ్బు గురించి. నాకు బాగా వచ్చిన పని ఒకటే ఉంది, చిన్న అక్షరాలు చదవడం. లోను కాగితాల అడుగున, డిపాజిట్ రసీదుల వెనక, ఎవరూ చదవకుండా సంతకం పెట్టేసే చోట ఉంటాయే, అవి. ఆ అలవాటు ఇన్నాళ్ళకి మా పిన్ని దగ్గర పనికొచ్చింది.

మా పిన్ని గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. 72 ఏళ్ళు. బాబాయి పోయాక ఒక్కతే, కొడుకు హైదరాబాదులో. పోయిన వేసవిలో ఒకరోజు వెళ్ళాను. మజ్జిగ ఇచ్చి, మందుల షాపు కుర్రాడు ఇప్పుడే వచ్చి వెళ్ళాడని బిల్లు చేతిలో పెట్టింది. 2,870 రూపాయలు. "చూడవే, 287 తగ్గించాడు, అందరికీ ఇవ్వడట పది శాతం" అంది సంబరంగా. ఆ 287 చూసి ఆవిడ సంబరపడుతోంది, నా కళ్ళేమో 2,870 దగ్గరే ఆగిపోయాయి.

"పిన్నీ, ఇవన్నీ దేనికి?" అన్నాను. "షుగరుకీ, బీపీకీ, మోకాళ్ళకీ, గ్యాసుకీ, బలానికీ" అంది. ఎవరి పెళ్ళిలోనో పంచిన స్వీట్ల డబ్బా ఒకటి తెచ్చింది. అందులో మందుల షీట్లు. మంచం మీద దుప్పటి సర్ది, షీట్లన్నీ పేకముక్కల్లా పరిచాం. పదకొండున్నాయి. కాకుండా ఓ ప్రొటీన్ పొడి డబ్బా.

ఇప్పుడు షీటు సంగతి చెప్పాలి. మన ఇళ్ళల్లో బుజ్జి అని పిలిచేవాడికి బడి రిజిస్టరులో వెంకట సుబ్బారావు అని ఉంటుంది కదా, మందుకీ అలాగే రెండు పేర్లుంటాయి. రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు ఇంకోటి, అదీ షీటు మీదే ఉంటుంది, స్పష్టంగా ఉండాలని నిబంధన కూడా ఉంది. ఒక్కో బిళ్ళలో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పే వరస మాత్రం చీమలు పాకినట్టు ఉంటుంది, పైగా ఆ వెండి రేకు మెరుపు ఒకటి. ఆ వరస చదవాలి. అదే చదవాలి. పిన్ని కళ్ళజోడు తను పెట్టుకుంది, నాది నేను పెట్టుకున్నాను, ఇద్దరం కూడబలుక్కుని చదివాం.

ఒక షీటు మీద పాంటొప్రజోల్. అది కొత్తపేటలో షుగరు డాక్టరుగారు రాసింది. ఇంకో షీటు మీద రాబెప్రజోల్. అది కొడుకు ఒకసారి బెజవాడ తీసుకొచ్చి సూర్యారావుపేటలో మోకాళ్ళ డాక్టరుకి చూపిస్తే ఆయన రాసింది. రెండింటికీ చివర ప్రజోల్ ఉంది, గమనించారా. కడుపులో యాసిడ్ తగ్గించే మందుల్లో ఒక రకం వాటి పేర్లు ఇలాగే ముగుస్తాయి, అవన్నీ ఒకే కుటుంబం. అంటే మా పిన్ని రోజూ పొద్దున్నే పరగడుపున ఒకే పని చేసే బిళ్ళలు రెండు వేసుకుంటోంది, ఒకటి ఎర్ర షీటులోది, ఒకటి నీలం షీటులోది, రెండూ వేర్వేరు మందులని నమ్మి. తప్పు ఎవరిదంటే చెప్పలేను. ఈ డాక్టరుకి ఆ చీటీ చూపించలేదు, ఆ డాక్టరుకి ఈ చీటీ చూపించలేదు.

అక్కడితో అయిపోలేదు. మోకాళ్ళ నొప్పి బిళ్ళలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంది. తలనొప్పి వస్తే పిన్ని వేసుకునే బిళ్ళ విడిగా ఇంకోటి, అదీ పారాసెటమాలే. అసలు ఆ నొప్పి బిళ్ళ చీటీ తీసి చూస్తే పది రోజులకి అని రాసి ఉంది. పది రోజులకి! ఏడు నెలల నుంచి వేసుకుంటోంది. షాపుకి ఫోన్ చేసి "పోయిన నెలవే పంపు బాబూ" అంటుంది, అతను పోయిన నెలవే పంపుతాడు.

ఏదీ మానెయ్యమని నేను అనలేదు, అనకూడదు కూడా. ఆ డబ్బా డబ్బాగా, ప్రొటీన్ పొడితో సహా సంచిలో పెట్టుకుని, పిన్నిని ఆటో ఎక్కించి కొత్తపేట షుగరు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మొదట విసుక్కుంటారేమో అనుకున్నాను. అన్నీ టేబుల్ మీద పోస్తే ఒక్కోటి తిప్పి చూశారు. నొప్పి బిళ్ళ చూడగానే పెన్ను పక్కన పెట్టేశారు. నెలల తరబడి వాడితే కిడ్నీలకి మంచిది కాదని, బీపీ కూడా పెంచుతుందని చెప్పి ముందు క్రియాటినిన్ అని కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష రాశారు. దేవుడి దయవల్ల బాగానే ఉంది. నొప్పి బిళ్ళ ఆపారు, ప్రజోల్‌లలో ఒకటి కొట్టేశారు, బలం బిళ్ళలు రెండు కొట్టేశారు, పొడి డబ్బా వంక చూసి నవ్వి "రోజూ గుడ్డు తింటారా అమ్మా" అని అడిగారు. పిన్ని తినదు. "అయితే పప్పు గట్టిగా తినండి" అన్నారు.

అప్పుడు నేను అడిగాను, మిగిలినవాటికి అసలు పేర్లు రాసిస్తారా అని. రాశారు. జనరిక్ పేర్లు, అంటే ఈ అసలు పేర్లే, అర్థమయ్యేట్టు, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే అప్పటి మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది, కాబట్టి అడగడానికి మనకేం మొహమాటం అక్కర్లేదు. టెల్మిసార్టాన్ బీపీకి, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది షుగరుకి, అటోర్వాస్టాటిన్ కొలెస్ట్రాల్‌కి. ఆ చీటీ పట్టుకుని జన ఔషధి దుకాణానికి వెళ్ళాం. కంపెనీ ముద్దుపేర్లు లేకుండా అసలు పేరుతోనే చవగ్గా మందులు అమ్మడానికి కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన పథకం ఇది, గుంటూరులోనూ బెజవాడలోనూ ఈ దుకాణాలున్నాయి, మీ దగ్గర్లో ఎక్కడుందో, ఏ మందు ఎంతో జనౌషధి సుగమ్ అనే యాప్‌లో చూసుకోవచ్చు. చవక కదా, పనిచేస్తుందా అని పిన్నికి ఒకటే టెన్షన్. అక్కడికి వచ్చే సరుకు ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్షించాకే పంపుతారు. నేనైతే ఇంకో మాట చెప్పాను, మూడు నెలలు వాడి షుగరు పరీక్ష చేయించు, అదే చెబుతుంది అని. చేయించాం. ఎప్పటిలాగే ఉంది.

ఒక్క మందు మాత్రం డాక్టరుగారు మార్చొద్దన్నారు, థైరాయిడ్ బిళ్ళ. దాని మోతాదు సున్నితం, ఏ కంపెనీది కుదిరిందో అదే వాడాలట, మార్చాల్సి వస్తే మళ్ళీ రక్తపరీక్ష చేసుకోవాలట. మూర్ఛ మందులు, రక్తం పల్చబడే వార్ఫరిన్ కూడా ఇంతే, డాక్టర్ని అడగకుండా కంపెనీ మార్చకండి. డబ్బు మిగుల్చుకునే ఉత్సాహంలో ఇది మర్చిపోతాం, అందుకని ఇంకోసారి చెబుతున్నా, అడగకుండా మార్చకండి.

ఆ నెల పిన్ని బిల్లు 712 రూపాయలు అయ్యింది. అంత తగ్గిందంటే జనరిక్ మహిమ అనుకుంటారు. నేను బ్యాంకు మనిషిని కదా, కూర్చుని లెక్క వేశాను. ఆదా అయినదాంట్లో సగానికి పైగా చవక మందుల వల్ల రాలేదు, అక్కర్లేనివి ఆపినందువల్ల వచ్చింది. ఇది నాకే ఆశ్చర్యం. పది శాతం ఇచ్చే షాపా, ఇరవై శాతం ఇచ్చే షాపా అని మనం వీధులు తిరుగుతాం గానీ, ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒక్కసారి ఒక్క డాక్టరు ముందు పొయ్యం.

డెబ్బై దాటినవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకో సంగతి. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా వాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. పిన్నికి చేయించాం. అది ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పనికొస్తుంది, ఈ నెలవారీ బిళ్ళలకి కాదు. దాని గురించి ఇంకా చెప్పాలని ఉంది, కానీ స్టూడియో గాజు అవతల నుంచి నాకు రెండు వేళ్ళు చూపిస్తున్నారు, రెండు నిమిషాలే అని.

ఆ పదకొండు షీట్లలో పదింటి సంగతే చెప్పాను. పదకొండోది షీటు కాదు, ముక్క. నాలుగు తెల్ల బిళ్ళలు, చుట్టూ కత్తెర గాటు, పేరు లేదు, గడువు తేదీ లేదు. షాపులో ఐదో ఆరో అడిగితే కత్తిరించి ఇస్తారు కదా, పేరూ తేదీ ఉన్న వైపు షాపులోనే ఉండిపోయింది. దేనికి వేసుకుంటున్నావు పిన్నీ అంటే, "కళ్ళు తిరిగినప్పుడు" అంది. డాక్టరుగారు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏమిటో నాకూ తెలీదమ్మా అని చెత్తబుట్టలో వేశారు.

మొన్న గుంటూరు వెళ్ళినప్పుడు షాపు కుర్రాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చేతిలో జలుబు బిళ్ళలు నాలుగు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని వాటిని తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "ఈ వైపు కాదు నాయనా, తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరించుకురా" అంటోంది.