వాలెట్ అడగక ముందే పేజీ పనిచేయాలి
(మహబూబ్‌నగర్‌లో ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఏ కాయిన్ కొనాలి, ఏది పెరుగుతుంది అని తెలుసుకోవడానికి వచ్చినవాళ్లుంటే ముందే చెప్తున్నా, ఆ ముచ్చట ఇక్కడ ఉండదు. మనం మాట్లాడుకునేది ఒక మామూలు వెబ్ యాప్ గురించి. ఈ యాప్ తనకు కావాల్సిన సమాచారాన్ని మన డేటాబేస్ నుంచి కాకుండా ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ నుంచి, అంటే ఒకే లెక్కల పుస్తకాన్ని వేల కంప్యూటర్లు తలా ఒక కాపీ దాచుకునే చోటి నుంచి తెచ్చుకుంటుంది. జావాస్క్రిప్ట్ కొంచెం వస్తే చాలు, మిగతాది చేస్తూ నేర్చుకోవచ్చు.

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లికాయ తెచ్చిన రైతు చేతికి వచ్చే తక్‌పట్టీనే తీసుకుందాం. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఏం ధర పలికింది, హమాలీకి ఎంత పోయింది, అన్నీ ఆ చీటీలోనే. అందులో అంకెను ఎవరైనా తర్వాత దిద్దితే ఇట్టే తెలిసిపోవాలి. మన యాప్ చేయాల్సిన పని అంతే.

తక్‌పట్టీ మొత్తాన్ని చెయిన్ మీద పెట్టం. రైతు పేరు, ఫోన్ నంబరు ఒకసారి అక్కడికెక్కితే తీసేయడం ఎవరి తరమూ కాదు. పెట్టేది దాని హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే. కెచాక్-256 అనే ఫంక్షన్‌కు ఒక లైన్ ఇచ్చినా వంద పేజీలు ఇచ్చినా బయటికొచ్చేది 32 బైట్లే. తూకం 52 కిలోలున్న చోట 53 అని మారిస్తే ఆ 32 బైట్లు పోలికే లేకుండా మారిపోతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. తక్‌పట్టీలో ఉండేవన్నీ ఊహకు అందే అంకెలే. కంప్యూటర్‌తో రకరకాల తూకాలు, ధరలు వేసి చూస్తూ పోతే ఆ హ్యాష్ దేనిదో ఎవరైనా పట్టేయగలరు. అందుకే ప్రతి చీటీకీ ఒక పొడవాటి ర్యాండమ్ నంబరు కలిపి హ్యాష్ తీయాలి. ఆ నంబరును చీటీ మీదే క్యూఆర్ కోడ్‌లో అచ్చు వేస్తే సరిపోతుంది.

మరి కాంటాయే తప్పు చూపిస్తే? ఆ తప్పే పదిలంగా ఉంటుంది. తెలంగాణ భూముల రికార్డులకు 2020లో ధరణి వచ్చింది, 2025లో భూ భారతి వచ్చింది. రెండుసార్లూ "ఇదంతా బ్లాక్‌చెయిన్ మీద పెడితే గొడవే ఉండదు కదా సార్" అని అడిగినవాళ్లున్నారు. ఎక్కించేటప్పుడే సర్వే నంబరు తప్పు పడితే ఏ చెయిన్ కూడా దాన్ని సరిచేయదు. తర్వాత ఏం మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది మాత్రం చూపిస్తుంది. దాని పని అంతవరకే.

ఇక అసలు విషయం. మీరు చూసే పాఠాల్లో చాలావరకు మొట్టమొదట పేజీ మీద "కనెక్ట్ వాలెట్" బటన్ పెట్టిస్తాయి. వాలెట్ అంటే మన రహస్య కీ దాచి, మన తరఫున సంతకం చేసే యాప్. నాకది నచ్చదు. మన యాప్ వాడేవాళ్లెవరో ఒకసారి లెక్కేయండి. రైతు, అడ్తిదారు, సరుకు కొన్న మిల్లు యజమాని, వీళ్లంతా చూసేవాళ్లే. రాసేది మార్కెట్ ఆఫీసులో కూర్చున్న ఒక్క క్లర్కు. ఆ ఒక్కడికి కావాల్సిన వాలెట్‌ను గేటు దగ్గరే అందరినీ అడిగితే వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు.

పైగా మన దగ్గర పేజీ తెరిచేది ఫోన్‌లో. మామూలు ఫోన్‌లో క్రోమ్ తెరిస్తే మెటామాస్క్ లాంటి వాలెట్ ఎక్స్‌టెన్షన్ అందులో ఉండదు. మీ కోడ్ వెతికే "విండో డాట్ ఈథీరియం" అక్కడ ఖాళీ. ఆ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వాలెట్ యాప్‌లోనే ఉండే బ్రౌజర్‌లో తెరవమనో, పేజీని వాలెట్ యాప్‌కు కలిపే వాలెట్‌కనెక్ట్ వాడమనో చెప్పాలి. పల్లికాయ అమ్ముకుని ఆటో ఎక్కిన మనిషికి ఇవన్నీ చెప్పగలమా? చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే చదవడానికి వాలెట్ అక్కర్లేదు, చెయిన్ మీద రాసేటప్పుడు కట్టే గ్యాస్ ఫీజూ పడదు.

ఎలాగో చూద్దాం. నోడ్ జేఎస్ వేసుకోండి. వీట్ అనే టూల్‌తో ఖాళీ ప్రాజెక్టు ఒకటి తయారు చేసి, ఈథర్స్ అనే లైబ్రరీని కలపండి. పేజీ మీ మెషీన్‌లోనే 5173 పోర్టులో తెరుచుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిచే అలవాటు మానండి. అలా తెరిచిన పేజీలోకి మెటామాస్క్ రాదు, "అంతా సరిగ్గానే రాశాను కదా" అని టెన్షన్ పడటమే మిగులుతుంది.

మన పేజీ నేరుగా "బ్లాక్‌చెయిన్‌కు" కనెక్ట్ కాదు. ఎక్కడో నడుస్తున్న ఒక నోడ్‌ను, అంటే ఆ నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌ను అడుగుతుంది, అదీ మామూలు హెచ్‌టీటీపీ మీద, జేసన్-ఆర్‌పీసీ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో. సొంత నోడ్ నడపడం మొదట్లోనే ఎందుకు, ఇన్ఫ్యూరా, ఆల్కెమీ లాంటివాళ్లు ఇచ్చే యూఆర్‌ఎల్ చాలు. నెట్‌వర్క్ మాత్రం సెపోలియా పెట్టుకోండి. అది టెస్ట్ నెట్‌వర్క్, అక్కడి ఈథర్‌కు, అంటే ఈథీరియం నాణేనికి, విలువ లేదు. ఎవరైనా దాన్ని పైసలకు అమ్మజూపితే కొనకండి.

చెయిన్ మీదికి కొత్త రాతలు కట్టలుగా ఎక్కుతాయి, ఒక్కో కట్టను బ్లాక్ అంటారు. మొదటి ప్రశ్నగా ప్రస్తుత బ్లాక్ నంబరు అడగండి. లైబ్రరీ లేకుండా నేరుగా అడిగితే జవాబు "0" తర్వాత ఎక్స్ అక్షరంతో మొదలయ్యే హెక్స్‌లో వస్తుంది. ఆ ఎక్స్ తర్వాత 10 అని ఉంటే అది పది కాదు, పదహారు. పన్నెండు సెకన్లకొకసారి మళ్లీ అడుగుతూ ఉండండి, నంబరు పెరుగుతూ పోతుంది. 2022 సెప్టెంబరులో ప్రూఫ్ ఆఫ్ స్టేక్ అనే పద్ధతికి మారినప్పటి నుంచి ఈథీరియం మెయిన్ నెట్‌వర్క్‌కు ఆ 12 సెకన్ల లయ కుదిరింది, సెపోలియాదీ అదే లయ. ఆ అంకె తెర మీద కదిలితే మీ యాప్ కనెక్ట్ అయినట్టే.

తర్వాత బ్యాలెన్స్ అడిగి చూడండి. అక్కడే చాలామంది బోల్తా పడతారు. నెట్‌వర్క్ లెక్కంతా వెయ్‌లలో ఉంటుంది. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాల వెయ్‌లు. జావాస్క్రిప్ట్ మామూలు నంబరు తప్పు లేకుండా పట్టుకోగలిగేది 9007199254740991 వరకే. నూరో వంతు ఈథర్ కూడా ఆ హద్దు దాటిపోతుంది. అందుకే ఈథర్స్ మీకు పెద్ద పూర్ణాంకాలనూ పట్టుకునే బిగ్‌ఇంట్ ఇస్తుంది. దాన్ని మామూలు నంబరుగా మార్చి కూడికలు, తీసివేతలు చేయొద్దు. లెక్కలన్నీ బిగ్‌ఇంట్‌లోనే చేసి, తెర మీద చూపించే ముందు మాత్రమే ఈథర్లలోకి మార్చండి.

చెయిన్ మీద ఉండే చిన్న ప్రోగ్రామును కాంట్రాక్టు అంటారు. మన తక్‌పట్టీ కాంట్రాక్టులో రెండే ఫంక్షన్లు: హ్యాష్ నమోదు చేసేది, ఉందో లేదో చెప్పేది. పేజీకి కాంట్రాక్టు చిరునామా, ఏబీఐ (అందులోని ఫంక్షన్ల వివరం) ఇస్తే రెండోదాన్ని ఎవరైనా పిలవొచ్చు. రైతు క్యూఆర్ స్కాన్ చేసి చీటీలోని వివరాలు కొడతాడు, పేజీ హ్యాష్ లెక్కకట్టి కాంట్రాక్టును అడుగుతుంది, "నమోదైంది" అనో "ఇలాంటి చీటీ లేదు" అనో చెప్తుంది. ఈ భాగం వాలెట్ లేని ఫోన్‌లో పనిచేసే దాకా రెండో భాగం ముట్టుకోకండి.

రెండో భాగం క్లర్కుది. అతను "నమోదు" నొక్కినప్పుడే వాలెట్ తెరుచుకోవాలి, పేజీ తెరిచిన వెంటనే కాదు. అతను వద్దంటే 4001 అనే ఎర్రర్ వస్తుంది. అది లోపం కాదు, మనిషి మనసు మార్చుకున్నాడంతే. ఎర్ర బ్యానర్ వేసి భయపెట్టకండి. వాలెట్ వేరే నెట్‌వర్క్‌లో ఉండొచ్చు, చెయిన్ ఐడీ చూడండి. సెపోలియాది 11155111, మెయిన్‌ది 1. మార్చమని వాలెట్‌ను అడిగితే ఒక్కోసారి 4902 వస్తుంది, అంటే ఆ నెట్‌వర్క్ వాలెట్‌కు తెలియదని అర్థం.

సంతకం అవగానే ట్రాన్సాక్షన్ హ్యాష్ వస్తుంది. అది పంపినట్టు గుర్తు మాత్రమే, బ్లాక్‌లోకి ఎక్కినట్టు కాదు. రసీదు వచ్చేదాకా బటన్‌ను ఆపేసి "ఎక్కుతోంది" అని చూపించండి. లేకపోతే ఖాళీగా కనిపిస్తున్న తెరను చూసి క్లర్కు మళ్లీ నొక్కుతాడు, ఇంకోసారి నొక్కుతాడు. రసీదులో స్టేటస్ 1 ఉంటేనే నమోదైనట్టు. 0 వస్తే పని కాలేదు, గ్యాస్ మాత్రం కట్ అయింది.

క్లర్కు కానివాళ్లకు ఆ బటన్ దాచేస్తే సరిపోతుందా? సరిపోదు. మీ పేజీతో సంబంధం లేకుండా ఎవరైనా కాంట్రాక్టును నేరుగా పిలవొచ్చు. ఎవరు రాయొచ్చన్న తనిఖీ కాంట్రాక్టులోనే ఉండాలి. పేజీలో పెట్టేది సౌకర్యం కోసం మాత్రమే.

తాళాల సంగతి. వీట్ ప్రాజెక్టులో "వీట్" అనే ముందుమాటతో పెట్టిన సెట్టింగులు బ్రౌజర్‌లోకి పోతాయి, ఎవరైనా చూడొచ్చు. వాలెట్ సంతకానికి వాడే రహస్య ప్రైవేట్ కీ అక్కడ పెట్టారంటే వీధిలో పెట్టినట్టే. ప్రాక్టీసుకు వేరే వాలెట్ తెరవండి, అందులో నిజమైన డబ్బు వేయకండి. వాలెట్ తెరిచినప్పుడు రాసిపెట్టుకోమని ఇచ్చే ఆ పన్నెండు పదాలు సపోర్టు వాళ్లమని ఎవరు అడిగినా, మీ పక్కన కూర్చున్న దోస్త్ అడిగినా ఇవ్వకండి.

ఒక్క యూఆర్‌ఎల్ మీదే ఆధారపడకండి. 2020 నవంబరు 11న ఇన్ఫ్యూరా సేవలు ఆగినప్పుడు దాని మీద ఆధారపడిన మెటామాస్క్ వాడేవాళ్లకూ దెబ్బ తగిలింది. నోడ్లు వేల సంఖ్యలో ఉన్నా అందరూ ఒకే కిటికీ దగ్గర నిలబడితే జరిగేది అదే. రెండో కంపెనీ యూఆర్‌ఎల్ కూడా రాసిపెట్టుకోండి, మొదటిది పలకకపోతే దాన్ని అడగాలి. రెండూ పలకకపోతే పేజీ "ప్రస్తుతం చూడలేకపోతున్నాం" అని చెప్పాలి. "ఇలాంటి చీటీ లేదు" అని మాత్రం చెప్పకూడదు. అసలు చీటీ పట్టుకొచ్చిన రైతును ఆ ఒక్క లైనుతో దొంగను చేసినట్టవుతుంది.

సరే, ల్యాప్‌టాప్‌లు తెరవండి. బ్లాక్ నంబరు ఎవరి తెర మీద కదలడం లేదో చెయ్యెత్తండి, అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడదాం.