బిల్డింగు కట్టారు సరే, బిడ్డ ఊపిరి లెక్కపెట్టారా?

ఒక్క నిమిషం. అరవై సెకన్లు. నిమ్ము, అంటే న్యుమోనియా, చేసిన పల్లెటూరి పసిబిడ్డ బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు ఆ అరవై సెకన్లలోనే తేలిపోతుంది. బిల్డింగులో కాదు!

పోయిన వీడియోలో నేనన్నది ఇంతే: "పల్లెలకు కొత్త ఆసుపత్రి బిల్డింగులు ఇక ఆపండి, ఉన్నవాటిలో పని తెలిసిన మనుషుల్ని పెట్టండి." కామెంట్లలో ఉతికి ఆరేశారు. పేదోళ్ల పిల్లలకి ఆసుపత్రి వద్దంటావా అని. అయ్యా, అమ్మా, నేను వెనక్కి తగ్గట్లేదు. ఇవాళ ఇంకాస్త గట్టిగా చెప్తా.

లాన్సెట్ అని పేరున్న వైద్య పత్రిక ఉంది. 2018లో అది వేసిన నిపుణుల బృందం, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ కమిషన్, ఒక లెక్క తీసింది. పేద, మధ్య ఆదాయ దేశాల్లో మంచి వైద్యంతో ఆపగలిగిన మరణాలు ఏడాదికి 86 లక్షలు. పిల్లలూ పెద్దలూ అందరూ కలిపి. అందులో వైద్యం దాకా వెళ్లనివాళ్లు 36 లక్షలు. మిగతా 50 లక్షల మంది? వెళ్లారండీ! వెళ్లి, నాసిరకం వైద్యం వల్ల పోయారు. గేటు దాటాక పోయారు. ఇప్పుడు చెప్పండి, ఇంకో గేటు కడదామా?

దగ్గుతో బిడ్డను తీసుకొస్తారు. కుర్చీలో ఉన్నాయన తల కూడా ఎత్తడు, సిరప్ రాసేస్తాడు. చొక్కా ఎత్తి చూడాలి కదా! బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందుకి 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఆపైన ఉంటే ఊపిరి వేగం ఎక్కువైనట్టు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత. డొక్కలు ఎగరేస్తోందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. పాలు తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి వేగం పెరిగినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. కాస్త పెద్ద పిల్లల్లో మామూలు నిమ్ము అయితే నీళ్లలో కరిగే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర. దీనికి స్కానింగు కావాలా? ఏసీ కావాలా?

మరి ఎందుకు లెక్కపెట్టరు? నా థియరీ వినండి, తిట్టుకుంటే తిట్టుకోండి. ఊపిరి లెక్కపెడితే ఫొటో రాదు! రిబ్బన్ కోస్తే వస్తుంది, శిలాఫలకం మీద పేరు పడుతుంది. "ఈ నెల ఇంతమంది పిల్లల ఊపిరి సరిగ్గా లెక్కపెట్టాం" అని ఫ్లెక్సీ వేసినోణ్ణి నాకొక్కణ్ణి చూపించండి.

పక్కదారి పడుతున్నా, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. 1971, బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దగ్గర బన్‌గావ్‌లో శరణార్థులకి కలరా. సెలైన్ అయిపోవస్తోంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఏం చేశాడు? ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీళ్లు తాగించమన్నాడు. తాగించింది ఎవరు? చాలావరకు రోగుల ఇంటివాళ్లే! వందకు ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. అదే మన ఓఆర్‌ఎస్. ఇప్పటికీ విరేచనాల బిడ్డకి ఓఆర్‌ఎస్, జింక్ ఇస్తే "ఇదేం వైద్యం, సూది వెయ్యలేదే" అంటాం. తప్పంతా డాక్టర్లదే అనట్లేదు, మనకీ సూదిమందు పిచ్చి ఉంది.

ఇంకోటి. మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊళ్లో ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికెళ్లి పసికందుల్ని చూసుకునేలా చేశారు. నవజాత శిశువుల్లో ఇన్ఫెక్షన్‌కి మందూ వాళ్లే ఇచ్చారు. 1999లో లాన్సెట్‌లో వచ్చింది: పోల్చి చూసిన ఊళ్లకంటే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. బిల్డింగు కట్టి కాదు, గడప తొక్కి!

ఆక్సిజన్ కావాలి, అర్ధరాత్రి బండి కావాలి, ఒప్పుకుంటా. ఆ బండెక్కించాలని ముందు ఎవరికో తెలియాలి కదా?

సరే, కామెంట్ బాక్స్ మీదే. మీ బిడ్డకి దగ్గొచ్చినప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టిన డాక్టరో నర్సో ఉన్నారా? పేర్లొద్దు. ఉన్నారు, లేరు, ఆ ఒక్క మాట రాయండి.