హుక్ కొనేముందు గోడ చూడండి: స్టోర్ రూమ్‌ని సైకిళ్ళ గదిగా మార్చడం ఎలా

నమస్తే.

"సైకిలు పదిహేను కిలోలు. హుక్ ప్యాకెట్ మీద ముప్పై కిలోలు మోస్తుందని రాసుంది. ఇంకేం భయం?" అంటారు. ఈ ఒక్క లెక్క వల్ల ఎన్ని గోడలు పెచ్చులూడాయో! ఆ ముప్పై కిలోలు హుక్ ఇనుము గురించి రాసిన మాట. మీ గోడ ఎంత మోస్తుందో ఆ ప్యాకెట్ తయారుచేసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? హుక్ విరగడం చాలా అరుదు. అది చెక్కుచెదరకుండా, స్క్రూలనీ ప్లగ్గులనీ వెంటేసుకుని, గుప్పెడు ప్లాస్టరింగ్‌తో సహా ఊడి కింద పడుతుంది. కింద ఎవరి సైకిలు ఉందో, ఏ పిల్లాడు నిలబడ్డాడో దానికి తెలియదు కదా.

అందుకే ఈ వీడియోలో ముందు గోడ గురించి, తర్వాత గది గురించి, చివర్లో హుక్ గురించి మాట్లాడుకుందాం.

(తెర మీద: పాత పెంకుటింట్లో దూలానికి వేలాడుతున్న ఉట్టి బొమ్మ)

ఉట్టి తెలుసు కదా. అందులో పాలూ పెరుగూ వెన్నా దాచే కుండలు. అంత బరువునీ దూలానికి కట్టేవాళ్ళు, గోడకి కాదు. ఎందుకంటే ఉట్టి బరువు నిటారుగా కిందకి లాగుతుంది, ఆ లాగుడుని ఓర్చుకునేది దూలం. రెండో సంగతి, ఉట్టి ఎత్తు. పిల్లికి అందదు, ఇంటావిడ చేతికి అందుతుంది. మూడోది, నాలుగు పక్కలా గాలి ఆడుతుంది, ఏ గోడా దానికి తగలదు. సైకిళ్ళ గది అంతా ఈ మూడు సంగతులే. మళ్ళీ మళ్ళీ ఉట్టి దగ్గరికే వస్తాను, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఉట్టిని తెచ్చి గోడకి బిగించామనుకోండి. బరువు అంతే, కానీ లాగే దిక్కు మారిపోతుంది. సైకిలుని బార్ దగ్గర పట్టుకుని అడ్డంగా మోసే స్టాండు చూడండి. హ్యాండిల్ వెడల్పు 70 సెంటీమీటర్లయితే సగం 35. అంటే హ్యాండిల్ గోడకి గీసుకోకుండా ఉండాలంటే ఆ స్టాండు చెయ్యి గోడ నుంచి కనీసం 35 సెంటీమీటర్లు ముందుకి రావాలి. సైకిలు 15 కిలోలు. గోడకి ఆనే ప్లేటు పొట్టిది. పై స్క్రూ నుంచి ప్లేటు కింది అంచుకి 10 సెంటీమీటర్లే ఉందనుకుందాం. లెక్క వేయండి: 15ని 35తో గుణించి 10తో భాగిస్తే 52 కిలోల పైన. పై స్క్రూని గోడలోంచి బయటికి లాగే బలం అది! సైకిలు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు పడే కుదుపు దీనికి అదనం. అదే ప్లేటు 20 సెంటీమీటర్లు ఉంటే లాగుడు సగానికి, అంటే 26 కిలోలకి దిగుతుంది. కాబట్టి షాపులో స్టాండు చేతిలోకి తీసుకోగానే ఇనుము మందం కంటే ముందు ప్లేటు పొడుగు చూడండి. పొడుగు ప్లేటు స్టాండు దొరకకపోతే అడ్డంగా తగిలించే ఆలోచనే మానుకోవడం మంచిది.

మరి ముందు చక్రాన్ని హుక్‌కి తగిలించి నిలువుగా వేలాడదీస్తే? అప్పుడు వెనక చక్రం గోడకి ఆనుకుంటుంది. హుక్‌కీ ఆ చక్రం ఆనేచోటుకీ మధ్య నాలుగడుగుల దూరం. పొట్టి ప్లేటు బదులు నాలుగడుగుల ప్లేటు పెట్టినట్టన్నమాట. బయటికి లాగే బలం ఏడు కిలోల చుట్టూ ఆగిపోతుంది, మిగతా బరువంతా నిటారుగా కిందకే. ఇది దాదాపు ఉట్టి లెక్కే. చిన్న గదికి నా ఓటు నిలువుకే.

"చక్రం మీద వేలాడితే రిమ్ము వంకర పోదా?" అంటారు. పోదు. అవే చక్రాలు రోజూ మిమ్మల్నీ సైకిలునీ కలిపి మోస్తూ గుంతల్లో దూకుతున్నాయి. పదిహేను కిలోలు వాటికో లెక్కా?

సరే, గోడ.

(దగ్గరి షాట్: డ్రిల్ మొన, కింద పట్టుకున్న తెల్ల కాగితం)

గోడ ఏదో తెలుసుకోడానికి మేస్త్రీ అక్కర్లేదు. 6 మిల్లీమీటర్ల బిట్‌తో, తర్వాత హుక్ ప్లేటు కప్పేసే చోట, ఒక చిన్న కన్నం వేయండి. కింద తెల్ల కాగితం పట్టుకోండి. మొదట పడేది లప్పం, తెల్లటి మెత్తటి పొడి. తర్వాత 12 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా బూడిదరంగు ఇసుక పొడి, అది ప్లాస్టరింగ్. ఆ తర్వాత ఏం వస్తుందో చూడండి.

ఎర్రటి పొడి వస్తే ఎర్ర ఇటుక. మంచిది. ప్లాస్టరింగ్ దాటాక కూడా బూడిదరంగు ఇసుకే వస్తూ, డ్రిల్ సులువుగా దిగిపోతుంటే రెండు ఇటుకల మధ్య సందులో పడ్డారు. నాలుగు సెంటీమీటర్లు పైకో కిందకో జరగండి, ఇటుక తగులుతుంది. డ్రిల్ కీచుమంటూ అసలు దిగకపోతే కాంక్రీటు: పిల్లరో, బీమో, లేదా మైవాన్ పద్ధతిలో, అంటే ఇటుకల్లేకుండా గోడలు కూడా కాంక్రీటుతోనే పోసి, కట్టిన అపార్ట్‌మెంటో. తెల్లటి పొడి పిండిలా జలజలా రాలి, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిందా? అది లైట్ వెయిట్ ఇటుక, ఏఏసీ బ్లాక్. నీళ్ళలో వేస్తే తేలే ఇటుక. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఇదే.

ఎర్ర ఇటుకకి: 10 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, 80 మిల్లీమీటర్ల పొడుగు స్క్రూ. 50ది వద్దు. 50లో 15 నుంచి 20 ప్లాస్టరింగే మింగేస్తుంది, ఇటుకలో మిగిలేది మూడు సెంటీమీటర్లు. ప్లాస్టరింగ్‌లో ఉన్న భాగం ఏమీ మోయదు. ఉట్టిని దూలానికి కాకుండా పైకప్పు గడ్డికి కట్టినట్టు. కన్నం 90 మిల్లీమీటర్లు ఉండాలి. బిట్టుకి ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే తెలుస్తుంది. కన్నంలో పొడి మిగిలితే ప్లగ్గు పూర్తిగా దిగదు, దిగినా పట్టదు. సైకిలు పంపునే కన్నం దగ్గర పెట్టి నాలుగుసార్లు కొట్టండి, కళ్ళు పక్కకి తిప్పుకోండి. ప్లగ్గు సుత్తితో మెల్లగా తడితే దిగాలి. వేలితో తోస్తేనే దూరిపోయిందంటే కన్నం వెడల్పయింది. అందులో అగ్గిపుల్లలు దూర్చి బిగించే అలవాటు దయచేసి మానండి.

కాంక్రీటుకి 8 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్. గట్టిది కదా అని దాన్నే ఇటుకలోనూ కొట్టేవాళ్ళున్నారు. అది లోపల విచ్చుకుని పట్టే రకం. కాంక్రీటు ఆ ఒత్తిడిని ఓర్చుకుంటుంది, ఇటుక పగులుతుంది. ముఖ్యంగా గోడ మూలకి, దర్వాజా చెక్కకి దగ్గరైతే. ఏ రకమైనా అంచు నుంచి కనీసం 10 సెంటీమీటర్లు వదలండి.

లైట్ వెయిట్ ఇటుకకి మామూలు ప్లగ్గు పనికిరాదు. హ్యామర్ మోడ్ ఆపేసి, మామూలు తిప్పుడుతోనే కన్నం వేయాలి. హ్యామర్ పెడితే కన్నం చుట్టూ పిండి పిండి అవుతుంది. పట్టు కోసం కెమికల్ యాంకర్, అంటే కన్నంలో గట్టిపడే జిగురు నింపి బోల్టుని అందులో దించే రకం, వాడాలి. నాలుగంగుళాల గోడైతే ఇంకా మంచి దారి ఉంది: బోల్టుని అవతలి వైపుకి దూర్చి, అక్కడ నాలుగంగుళాల ఇనుప పలక వేసి నట్టు బిగించడం. అవతల బెడ్‌రూమ్ గోడ మీద పలక కనిపిస్తుందని ఇంట్లో ఒప్పుకోకపోతే, బరువుని నేల మీదికి దించేయండి. నేలకీ పైకప్పుకీ మధ్య బిగించే నిలువు స్తంభాల స్టాండ్లు దొరుకుతాయి. అద్దె ఇంటివాళ్ళకీ అవే సరి.

కన్నం వేసేముందు ఇంకో రెండు. స్విచ్ బోర్డుకి నిటారుగా పైనా కిందా వేయకండి, వైరు పైపు అందులోంచే వెళ్తుంది. బాత్‌రూమ్‌తో కలిసిన గోడని అసలు ముట్టుకోకండి, లోపల నీళ్ళ పైపులుంటాయి.

"ఉట్టి దూలానికే కదా, మరి స్లాబుకే కడదాం" అనేవాళ్ళు ఉంటారు. కట్టొచ్చు, కానీ స్లాబులో కరెంటు పైపులు ఎటు పోయాయో పైకి కనిపించదు. పైగా తల మీదికి పదిహేను కిలోలు ఎత్తాలి. ఆరు నెలలకోసారి దించే సైకిలైతే కప్పీ పెట్టి లాగండి. రోజూ తొక్కేదానికి వద్దు. అటక అంచుకి వేలాడదీయడం అసలే వద్దు. అది గోడలోంచి ముందుకి చాచిన సన్నటి పలక. సామాన్లతోనే దానికి సరిపోతోంది.

ఇప్పుడు గది కొలతలు. మన ఇళ్ళల్లో స్టోర్ రూమ్ 7 అడుగులు, 6 అడుగులు అనుకుందాం. నిలువుగా వేలాడే పెద్ద సైకిలు గోడ నుంచి 110 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. 6 అడుగులంటే 183. మనిషి నిలబడ్డానికి 73 మిగిలింది. సరిపోతుంది, తలుపు లోపలికి తెరుచుకోకపోతే! లోపలికే తెరుచుకుంటే బందులు మార్చి బయటికి తిప్పించండి. 7 అడుగుల గోడ మీద మూల నుంచి 40 సెంటీమీటర్లకి మొదటి హుక్, అక్కడి నుంచి 45కి ఒకటి చొప్పున నాలుగు పడతాయి. పక్కపక్క హ్యాండిళ్ళు గుద్దుకోకుండా ఒకటి కిందకి, ఒకటి 20 సెంటీమీటర్లు పైకి. అటక 7 అడుగుల ఎత్తులో ఉంటే ఆ 20 దాటకండి, చక్రం దానికి తగులుతుంది.

తలుపు వెడల్పు ముందే కొలవండి. స్టోర్ రూముకి రెండున్నర అడుగుల తలుపు పెడతారు. దర్వాజా మందం పోతే దారి 70 దాకానే. గేర్ల మౌంటెన్ సైకిలు హ్యాండిల్ 76, 78 కూడా ఉంటుంది. హ్యాండిల్ తిప్పి ఏటవాలుగా దూర్చొచ్చు, కానీ రోజూ పొద్దున్నే ఆ పని చేస్తే దర్వాజా రంగూ బ్రేకు లివరూ రెండూ గీసుకుపోతాయి.

హుక్ ఎత్తుకి టేపు కంటే సైకిలే మంచి కొలబద్ద. సైకిలుని వెనక చక్రం మీద గోడకి నిలబెట్టండి. హుక్‌ని చేత్తో గోడకి ఆనించి, రిమ్ము దానికి ఎక్కడ కూర్చుంటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. దాని మీద ఇంకో 10 సెంటీమీటర్లు. అంతే. ఇక్కడ ఉట్టి ఎత్తు మాట గుర్తు తెచ్చుకోండి: ఎవరు తొక్కుతారో వాళ్ళ చేతే తగిలించి చూపించమనండి. అమ్మాయి సైకిలుకి నాన్న ఎత్తులో హుక్ పెడితే ఆ సైకిలు వరండాలోనే ఉండిపోతుంది. పైవరస హుక్ పొడుగువాళ్ళకి, కిందిది పొట్టివాళ్ళకి. పిల్లల చిన్న సైకిళ్ళు నేల మీదే. పెద్ద మడ్‌గార్డులున్న పాత నల్ల సైకిలు కూడా నేల మీదే. 20 కిలోలు దాటుతుంది, పైగా హుక్ రిమ్ములోకి దూరాలంటే మడ్‌గార్డు అడ్డం.

గోడకి టైరు ఆనేచోట అడుగు వెడల్పున ఒక వరస టైల్స్ అంటించండి. లప్పం మీద నల్ల మరక పడితే తుడిచినకొద్దీ పాకుతుంది.

మూడో సంగతి, గాలి. తుప్పు.

(దగ్గరి షాట్: గోడకి నాలుగు వైపులా టేపు వేసి అంటించిన ప్లాస్టిక్ షీటు, లోపలి వైపు నీటి బిందువులు)

అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకి నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. నీటి చుక్కలు లోపలి వైపు కడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు కడితే గదిలో గాలే తడిగా ఉంది. ఈ రెండింటికీ మందు వేరు. మొదటిదానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి: బాత్‌రూమ్ గోడా, డాబా మీద పగులా, పునాది నుంచి ఎక్కుతోందా. అది ఆపకుండా పైన రంగేస్తే వానాకాలానికి బుడగలు లేచి ఊడుతుంది. రెండోదానికి కింద జాలీ, పైన 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళల్లో కిటికీ రోజంతా బార్లా తీసి ఉంచకండి, ఉప్పు గాలి చైనునే ముందు పట్టుకుంటుంది.

స్టోర్ రూమ్‌లో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా ఉంటుంది చూశారా? మూత బిగించే ఉన్నా ఆవిరి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. చైనూ, స్పోకులూ, బోల్టు తలలూ వారాల్లో ఎర్రబడతాయి. గోడలో తప్పు వెతుకుతారు గానీ సీసా వైపు ఎవరూ చూడరు. బ్లీచింగ్ పౌడరూ అంతే. నీళ్ళు పోసే రకం ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఛార్జింగులో యాసిడ్ తుంపర వదులుతుంది. ఈ మూడింటినీ గదిలోంచి బయటికి పంపేయండి.

టైమ్ దాటిపోతోంది, మిగతావి గబగబా. హుక్‌కి రబ్బరు తొడుగు ఉన్నదే కొనండి. లైటు మీ వెనకాల కాకుండా పక్క గోడకి, లేకపోతే మీ నీడ చైను మీదే పడుతుంది. ప్లైవుడ్ వాడితే నీళ్ళకి తట్టుకునే రకం 18 మిల్లీమీటర్లది, చెద మందు కొట్టించి. ఎలక్ట్రిక్ సైకిలైతే బ్యాటరీ విప్పి, వేరే చోట, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగు. హైడ్రాలిక్ బ్రేకు సైకిలు చాలా రోజులు నిలువుగా ఉంటే, దించాక బయల్దేరేముందు లివరు నాలుగుసార్లు నొక్కి చూసుకోండి.

హుక్ బిగించిన రోజే సైకిలు ఎక్కించకండి. ప్లేటు చుట్టూ సన్నగా పెన్సిల్ గీత గీసి, ఇంట్లో ఉన్న 26 కిలోల బియ్యం బస్తాని తాడుతో హుక్‌కి కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గీతకీ ప్లేటుకీ మధ్య వెంట్రుకంత తేడా కనిపించినా, ప్లేటు వెనక గోరు దూరేంత సందు వచ్చినా ఆ కన్నం వదిలేసి, పది సెంటీమీటర్లు జరిగి మళ్ళీ వేయండి.