కాలేజీ మీద కేసేసిన అమ్మాయి, 38 ఏళ్లు కోచ్: క్యారల్ హచిన్స్

హోస్ట్: నమస్కారం. ఈ వారం మిషిగన్ నుంచి అక్క మనతో ఉన్నారు. వాళ్లమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, ఆ పుణ్యమా అని ఈవిడా అందులో మునిగిపోయారు. అక్కా, నిజామాబాద్, అనంతపురం వైపు స్కూళ్లలో ఆడతారు కాబట్టి అక్కడివాళ్లకు తెలిసే ఉంటుంది. మిగతావాళ్లకి రెండు ముక్కల్లో చెప్పండి.

అక్క: బేస్‌బాల్‌కి దగ్గరి చుట్టం. బంతి కాస్త పెద్దది, ఏడు ఇన్నింగ్స్. చెయ్యి కిందనుంచి గిర్రున తిప్పి విసురుతారు. కిందనుంచి అంటే మెల్లగా అనుకునేరు! బంతి విసిరే పిచర్ నిలబడేది 43 అడుగుల దూరంలోనే. బ్యాట్ పట్టుకున్న పిల్లకి ఆలోచించే టైమ్ ఉండదు. మొదట్లో గట్టు మీద కూర్చున్న నాకే టెన్షన్.

హోస్ట్: సరే, మీరు చెబుతానన్న కోచ్ దగ్గరికి వద్దాం. క్యారల్ హచిన్స్.

అక్క: ఇక్కడ అందరూ హచ్ అంటారు. 1985 నుంచి 2022 దాకా యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌కి హెడ్ కోచ్. మొత్తం 1,707 విజయాలు. రిటైరయ్యేనాటికి ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ, దాని సాఫ్ట్‌బాల్‌లో అంతకన్నా ఎక్కువ గెలిచిన కోచ్ లేరు. కానీ తమ్ముడూ, నన్నడిగితే ఆవిడ కెరీర్ మొదలైంది మైదానంలో కాదు, కోర్టులో.

హోస్ట్: కోర్టా?

అక్క: అవును, న్యాయస్థానమే. ఆవిడ చదివింది మిషిగన్ స్టేట్ అనే ఇంకో యూనివర్సిటీలో. మిషిగన్‌కీ మిషిగన్ స్టేట్‌కీ ఉప్పూ నిప్పూ, అది గుర్తుపెట్టుకో. అక్కడ సాఫ్ట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడింది. 1976లో ఆ సాఫ్ట్‌బాల్ జట్టు జాతీయ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. 1979కొచ్చేసరికి అదే యూనివర్సిటీలో మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు స్టార్ ఎవరో తెలుసా? తర్వాత బాస్కెట్‌బాల్ దిగ్గజమైన మ్యాజిక్ జాన్సన్.

హోస్ట్: అబ్బో!

అక్క: ఆ ఏడాది వాళ్లు దేశానికే ఛాంపియన్లు. మరి ఆడపిల్లల జట్టు? బయట ఊళ్లకి ఆడటానికి వెళ్తే తిండికిచ్చే డబ్బు తక్కువ, హోటల్ గదిలో ఎక్కువమంది సర్దుకోవాలి. ప్రభుత్వ నిధులు తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపించకూడదని 1972లోనే టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ఏడేళ్లయినా పరిస్థితి అదీ. దాంతో ఈ అమ్మాయిలు దావా వేశారు. కేసు పేరులోనే హచిన్స్ ఉంటుంది.

హోస్ట్: చదువుకుంటున్న కాలేజీ మీదే! మన దగ్గరైతే తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందనేవాళ్లు.

అక్క: అక్కడ మాత్రం అనకుండా ఉంటారా? కానీ ఆడపిల్లలకీ సమానంగా ఇవ్వమని కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది.

హోస్ట్: తర్వాత కోచింగ్‌లోకి ఎలా వచ్చారు?

అక్క: 1982లో ఫెరిస్ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీలో ఒక సీజన్. తర్వాత రెండేళ్లు మిషిగన్‌లో అసిస్టెంట్, ఆపైన హెడ్ కోచ్. ఇక్కడ ఇంకో చిక్కుంది. సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఫిబ్రవరిలో ఆన్ ఆర్బర్, అంటే మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఊరు, ఎలా ఉంటుందో ఇక్కడున్న మనవాళ్లనడుగు. మా ఇంటి ముందు పార తీసుకుని మంచు తవ్వుతుంటాం, కాలిఫోర్నియా పిల్లలేమో ఎండలో ప్రాక్టీస్ చేస్తుంటారు. చలి రాష్ట్రాల జట్లు మొదటి వారాలన్నీ లోపల హాల్లో ప్రాక్టీసు, మ్యాచ్‌లకి విమానమెక్కి దక్షిణాదికి. అందుకే 1982లో ఎన్‌సీఏఏ తన సాఫ్ట్‌బాల్ జాతీయ టోర్నమెంట్ మొదలుపెట్టినప్పటి నుంచి 2004 దాకా టైటిళ్లన్నీ కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సస్, ఓక్లహోమా దాటలేదు.

హోస్ట్: 2005లో దాటింది.

అక్క: దాటింది! హచ్ జట్టు గెలిచింది. మిసిసిపీ నదికి తూర్పున అప్పటిదాకా ఎవరూ గెలవని టైటిల్ అది. ఎదురుగా లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ యూసీఎల్‌ఏ, ఈ ఆటకి పుట్టిల్లు లాంటి జట్టు. ఫైనల్ మూడు మ్యాచ్‌ల సిరీస్, చెరొకటి గెలిచారు. మూడోది ఏడు ఇన్నింగ్స్‌లో తేలక పదో ఇన్నింగ్స్‌కి పోయింది. అప్పుడు సమంతా ఫిండ్లే అని ఫస్టియర్ పిల్ల, పరుగు కోసం బేసుల మీద ఇద్దరు ఎదురుచూస్తుండగా బంతిని కంచె దాటించింది. మూడు పరుగులు. 4-1. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో!

హోస్ట్: 38 ఏళ్లలో టైటిల్ ఒక్కటేనా? విమర్శిస్తున్నానని కాదు.

అక్క: ఒక్కటే. అరిజోనాలో మైక్ కాండ్రియాకి ఎనిమిది, ఓక్లహోమాలో ప్యాటీ గాసోకి ఎనిమిది. టైటిళ్లు లెక్కపెడితే హచ్ వెనకే. అయినా నేను ఆవిడ్నే ఎంచుకున్నానంటే వేరే కారణం ఉంది. టైటిల్ నైన్ రాకముందు ఆడపిల్లల జట్లకి కోచ్‌లు నూటికి తొంభైమందికి పైగా ఆడవాళ్లే. చట్టం వచ్చాక ఏమైందనుకుంటున్నావ్?

హోస్ట్: ఇంకా పెరిగి ఉండాలి కదా.

అక్క: సగం కన్నా కిందకి పడిపోయింది. డబ్బు లేనంతకాలం ఆ పని ఆడవాళ్లది. జీతం, పేరు వచ్చేసరికి మగవాళ్లు దరఖాస్తు పెట్టారు. ఎంపిక చేసే కుర్చీలో ఉన్నదీ ఎక్కువగా మగవాళ్లే. హచ్ ఈ సంగతి దాచకుండా మాట్లాడేది. తన చుట్టూ ఆడ కోచ్‌లనే తయారుచేసుకుంది. బానీ థాల్ అని, మిషిగన్‌కే ఆడి, దాదాపు మూడు దశాబ్దాలు ఆవిడ పక్కన అసిస్టెంట్‌గా ఉంది. 2022 ఆగస్టులో హచ్ తప్పుకోగానే హెడ్ కోచ్ పోస్టు ఆమెకే ఇచ్చారు. 1,707 అనే అంకె ఎవరైనా దాటొచ్చు. ఇది మాత్రం అందరూ చెయ్యలేరు.

హోస్ట్: మూడు దశాబ్దాలు రెండో కుర్చీలోనే! మనవాళ్లకి ఓపిక ఉంటుందంటారా? మీ అమ్మాయి కోచ్ అవుతానంటే?

అక్క: అవ్వమంటాను, కానీ కళ్లు తెరుచుకుని. మ్యాచ్ రోజు జట్టు కూర్చునే డగౌట్‌లో కనిపించేది ఆ ఉద్యోగంలో కొసరే. అసలు పని ఊళ్లు తిరిగి హైస్కూల్ పిల్లల్ని వెతకడం, తల్లిదండ్రుల్ని ఒప్పించడం. చాలాకాలం జట్టుకి పన్నెండు స్కాలర్‌షిప్పులే, పిల్లలేమో ఇరవైమంది. అంటే పంచాలి. ఎవరికి సగం, ఎవరికి పావు అని కూర్చోబెట్టి చెప్పాలి. మా ఇంట్లో ఇద్దరు పిల్లలకి ఐప్యాడ్ పంచడమే నావల్ల కాదు.

హోస్ట్: (నవ్వు) మరి మొదటి మెట్టు?

అక్క: మొన్నమొన్నటిదాకా చాలామందికి వాలంటీర్ కోచ్. పేరు చూశావుగా, జీతం ఉండదు. పొద్దున్నే ప్రాక్టీస్‌లో బంతులు కొట్టిపెట్టడం, సాయంత్రం ఇంకేదో పని చేసుకుని అద్దె కట్టుకోవడం. ఇంట్లో వెనకా ముందూ ఉన్నవాళ్లకే అది కుదురుతుంది. 2023 జులై నుంచి ఎన్‌సీఏఏ ఆ పోస్టు ఎత్తేసి, ఆ స్థానంలో జీతమివ్వగలిగే కోచ్‌ల సంఖ్య పెంచింది. కాబట్టి ఇప్పుడు కనీసం అడగొచ్చు, నాకెంతిస్తారూ అని.