అల్సరేటివ్ కొలైటిస్: పథ్యం ఎన్నాళ్లు?

అందరికీ నమస్కారం.

పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్ అని తెలియగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట పథ్యం. పెరుగన్నం, చారన్నం, అంతే. విరేచనంలో రక్తం ఆగి మూడు నెలలైనా కంచం మారదు. మనిషి సగమైపోతాడు. అందులో జబ్బు చేసింది కొంత, పథ్యం చేసింది కొంత. పథ్యం జబ్బు తిరగబెట్టిన రోజులకే.

ఆ రోజుల్లో పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి ఉంటుంది. పీచు, తొక్కలు, గింజలు అరక్కుండా అక్కడిదాకా వెళ్లి విరేచనాలు, నొప్పి పెంచుతాయి. అలాగని కూరలన్నీ మానక్కర్లేదు. సొరకాయ చెక్కు తీసి, మధ్యలోని గింజల్నీ బెండునీ చెంచాతో గీకేసి, వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించండి. బీరకాయకూ ఇదే పద్ధతి. గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి జారుగా వండండి. గోంగూర, శనగలు, పచ్చి ఉల్లిపాయ, ఆవకాయ, వేపుళ్లు ఆ కొద్ది రోజులే పక్కన పెట్టండి. పాలు అందరూ మానాలనేం లేదు. తాగితే ఉబ్బరం, విరేచనం అయ్యేవాళ్లు మానితే చాలు.

అందరూ మరిచేది ప్రొటీన్. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మూడు పూటలా పెరుగన్నం తిన్నా అందులో సగం చేరడం కష్టం. గుడ్డుకు 6 గ్రాములు వస్తుంది. ఉడికించిన గుడ్లు, ఆవిరి మీద వండిన చేప, మెత్తటి చికెన్, బాగా మెదిపిన పెసరపప్పు తినండి.

విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను గ్లాసులో కాస్త కాస్త కలుపుకోవడం పొరపాటు, ఉప్పు కొలత తప్పుతుంది. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపండి. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి.

రక్తం ఆగి, విరేచనం కుదుటపడ్డాక మూడేసి రోజులకు ఒక్కో పదార్థం, ముందు రెండు చెంచాలే, తిరిగి తెచ్చుకోండి. మొదట ఉడికించిన క్యారెట్, తర్వాత కందిపప్పు, ఆ తర్వాత కాడలు తీసిన ఆకుకూర. ఏ రోజు ఏం తిన్నారో రాసిపెట్టుకోండి. లేకపోతే పడనిది ఒకటైతే నాలుగు మానేస్తారు. పేగు సన్నబడిందని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం ఆయన్ని అడిగాకే పీచు పెంచాలి.

తిండి కుదిరిందని పేగు వాపు తగ్గించే మందు మెసాలమిన్ ఆపొద్దు. మందు చేసే పని తిండి వల్ల కాదు. రోజుకు ఆరుసార్లో అంతకుమించో రక్త విరేచనాలై, జ్వరమో గుండెదడో తోడైతే వంటింట్లో వెతకొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.