మెట్ల కింద, బొగ్గు పక్కన

అందరికీ నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను చరిత్రకారుణ్ణి కాను, మందులు రాసేవాణ్ణి. 1983లో బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో, రోండా లోయలో జీపీగా, అంటే ఊరి డాక్టరుగా చేరాను. అప్పటికే ఆ లోయల్లో చాలా క్లినిక్‌ల బోర్డుల మీద మన దేశపు పేర్లే కనిపించేవి. ఆ బొగ్గు ఊళ్లకు అక్కడి డాక్టర్లు రామంటే మనవాళ్లం వెళ్లాం. మా నాన్న ఇల్లెందులో బొగ్గుబాయి దిగినవాడు. అందుకని నాకు ఊరు కొత్తే గానీ, గోడకు గోడ ఆనించి కట్టిన ఆ ఇళ్లల్లో షిఫ్టుల లెక్కన నడిచే బతుకు కొత్త కాదు.

బీపీ చూపించుకోవడానికి ఒక పెద్దావిడ వచ్చేది. నన్ను 'డాక్టర్ బాఖ్' అనేది. వెల్ష్‌లో బాఖ్ అంటే చిన్న అని అర్థం. మనం పెద్దవాణ్ణి పట్టుకుని కూడా 'బిడ్డా' అంటామే, అలాంటిది. యుద్ధం మొదలయ్యేనాటికి ఆవిడకి ఏడేళ్లు. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం ఆవిడ చెప్పిందే. మిగతా సగం ఆవిడ భర్త దగ్గుల మధ్య చెప్పాడు.

ఆవిడ యుద్ధం కథ బాంబులతో మొదలవదు. వాళ్ల నాన్నకి పని దొరకడంతో మొదలవుతుంది. 1930లలో బొగ్గుకి గిరాకీ పోయి బాయిలు మూతపడ్డాయి. వేల్స్ నుంచి లక్షల మంది ఇంగ్లండుకి వలసపోయారు. ఉన్నవాళ్లకి 'మీన్స్ టెస్ట్' అని ఒకటి ఉండేది. పని లేనివాడికి సర్కారు భత్యం ఇచ్చే ముందు ఒకాయన ఇంటికొచ్చి ఎవరు ఎంత తెస్తున్నారో కూడేవాడు. కొడుకు నాలుగు షిల్లింగులు తెస్తే తండ్రి భత్యం ఆ మేరకు తెగేది. తండ్రి భత్యం నిలబడాలని ఇల్లు వదిలి వేరే చోట గది తీసుకున్న కొడుకులున్నారు. ఈవిడ అన్న అలా పోయినవాడే.

యుద్ధం రాగానే అందరికీ పని దొరికిందని పుస్తకాల్లో రాస్తారు గానీ అంత సాఫీగా జరగలేదు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ హిట్లర్ చేతిలో పడిపోయింది. సౌత్ వేల్స్ బొగ్గుకి ఆ దేశం పెద్ద బేరం. ఆ బేరం ఒక్కసారిగా పోయి మళ్లీ కొన్ని బాయిలు ఆగాయి, మగవాళ్లు మళ్లీ వీధిలో నిలబడ్డారు. ఆ తర్వాతే నిలకడగా పని. "నాన్న బూట్లు పొయ్యి దగ్గర ఆరుతున్నాయంటే ఆ వారం మాకు భయం లేదు" అనేది ఆవిడ.

రేషన్ 1940 జనవరి 8న మొదలైంది. తొలిరోజుల్లో మనిషికి వారానికి వెన్న 4 ఔన్సులు, బేకన్ 4 ఔన్సులు, పంచదార 12 ఔన్సులు. ఆ జూలైలో టీ పొడి 2 ఔన్సులకి కట్టేశారు. అంటే 57 గ్రాములు. మన ఇళ్లల్లో రెండు రోజులకి సరిపోతే గొప్ప. 1942లో పిల్లల మిఠాయిలు కూడా కూపన్ల కిందకి వచ్చాయి. నేను "అయ్యో" అన్నాను. ఆవిడ వెంటనే, "అయ్యో ఎందుకు? అంతకుముందు మా ఇంట్లో వెన్న ఎక్కడుండేది?" అంది. బాయి మేనేజర్ గారి కూతురికీ తనకీ ఒకే తూకం. అయిదేళ్ల లోపు తమ్ముడికి రోజూ ఒక పింటు, అంటే అర లీటరు పైచిలుకు పాలు, డబ్బు లేకపోతే ఉచితంగా. బాయి లోపల పనిచేసేవాళ్లకి చీజ్ ఎక్కువ ఇచ్చేవారు. నాన్న టిఫిన్ డబ్బాలో మిగిలిన చీజ్ ముక్క కోసం అక్కాతమ్ముళ్లు గుమ్మం దగ్గర కాపు కాసేవారట.

ఇక్కడ మీకొక మాట నేర్పాలి. కుచ్. ఇంట్లో బొగ్గు నిలవ చేసే మూల కుచ్. మెట్ల కింద ఉండే చిన్న గూడు కూడా కుచ్. పిల్లని దగ్గరకి తీసుకుని హత్తుకున్నా అదీ కుచ్చే. సైరన్ మోగితే చాలా ఇళ్లల్లో పిల్లల్ని మెట్ల కింద కుచ్‌లోకి తోసేవారు. చీకట్లో రబ్బరు వాసన వేసే గ్యాస్ మాస్కు ఒకపక్క, మామ్‌గీ ఒకపక్క. మామ్‌గీ అంటే నాయనమ్మో అమ్మమ్మో, ఎవరైనా కావచ్చు. ఈవిడ మామ్‌గీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రార్థనలన్నీ వెల్ష్‌లోనే. పిల్లకి బడి ఇంగ్లీషులో, చాపెల్, అంటే చర్చి ప్రార్థన, వెల్ష్‌లో. బాంబుల భయం మాత్రం రెండు భాషల్లోనూ ఉండేదని నవ్వేది.

1941 ఫిబ్రవరి 19 నుంచి మూడు రాత్రులు జర్మన్ బాంబులకి స్వాన్సీ పట్టణం తగలబడింది. అటువైపు ఆకాశం ఎర్రబడటం వాళ్లకి గుర్తుంది. అయినా లోయలకి ఏమీ కాదని లెక్క. అందుకే లండన్ నుంచి పిల్లల్ని రైళ్లలో ఎక్కించి, మెడలో పేరు చీటీలు కట్టి ఇక్కడికి పంపారు. ఏప్రిల్ 29 రాత్రి రోండాలోని కుంపార్క్ మీద బాంబులు పడ్డాయి. పాతిక మందికి పైగా పోయారు. వాళ్లలో ఆ చీటీల పిల్లలు కూడా ఉన్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ బీపీ నేను చూడలేదు.

వాళ్లమ్మ బ్రిడ్జెండ్ ఆయుధ కర్మాగారంలో చేరింది. వేల మంది ఆడవాళ్లు మూడు షిఫ్టుల్లో అక్కడికి వెళ్లేవారు. నిప్పురవ్వ పుడుతుందని తలపిన్నులు కూడా లోపలికి రానిచ్చేవారు కాదు. మందుగుండు పొడికి చర్మం పచ్చబడేది. "మామ్ చేతులు పసుపు రంగు, నాన్న చేతులు నలుపు రంగు. శుక్రవారం మాత్రం ఇద్దరి చేతుల్లోనూ డబ్బులు." పెళ్లయ్యాక అమ్మ చేతికి జీతం రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఇక ఆవిడ భర్త సంగతి. 1944లో, బడి వదిలే వయసు పద్నాలుగు రాగానే బాయి దిగాడు. అప్పుడే 'బెవిన్ బాయ్స్' వచ్చారు. సైన్యంలోకి పోవాల్సిన కుర్రాళ్లలో నంబర్లు తీసి కొందర్ని గనులకి పంపేవారు. "వాళ్లకి లాటరీలో తగిలింది, మాకు పుట్టుకతో తగిలింది" అనేవాడు. ఆ మార్చిలోనే కూలి రేట్ల మీద సౌత్ వేల్స్‌లో లక్ష మంది దాకా పని ఆపేశారు. యుద్ధం నడుస్తుంటే సమ్మె ఏమిటని తిట్టినవాళ్లున్నారు. 1930లలో ఖాళీ కంచం చూసినవాళ్లని దేశభక్తి పేరు చెప్పి ఆపడం కష్టం. నేనైతే వాళ్లని తప్పుపట్టను.

ఆయన ముంజేతుల మీద నీలం గీతలుండేవి. గాయంలో బొగ్గు దుమ్ము ఉండిపోయి పైన చర్మం మూసుకుంటే పచ్చబొట్టులా నిలిచిపోతుంది. లోపల ఊపిరితిత్తులదీ అదే కథ. ఆ జబ్బుకి పేరు న్యుమోకోనియోసిస్, ఊళ్లో పిలిచేది 'డస్ట్'. పరిహారం శాతాల్లో ఇచ్చేవారు గనుక జబ్బుని కూడా శాతాల్లోనే చెప్పుకునేవారు. ఫలానావాడికి ముప్పై శాతం డస్ట్, ఫలానావాడికి వంద. కొత్త ఎక్స్‌రే వచ్చిన రోజు నేనే వాళ్లింటికి తీసుకెళ్లాను. తలుపు తీస్తూనే "ఎంత?" అన్నాడు. యాభై ఉండొచ్చన్నాను. సరేనని కుర్చీ చూపించాడు.

ఆవిడ టీ పెట్టింది. మనిషికో చెంచా చాలు, టీపాట్ కోసమని అదనంగా వేసే చెంచా వద్దని యుద్ధకాలంలో సర్కారు ప్రచారం చేసింది. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. నేను వాళ్లింట్లో కూర్చున్నది 1986లో. మూడు కప్పులకి కొలిచి మూడే చెంచాలు వేసి డబ్బా మూత బిగించింది. నీళ్లలాంటి టీ. రెండో కప్పు కావాలా అంటే కావాలన్నాను.